సీలు చెదరని సీసా

"ఒక్క మాట చెప్పక్కా. ఆ కుక్కకు వేసింది మందా, నీళ్ళా?"

మంగళ ఇదే ప్రశ్న నిన్నా అడిగింది. ఇవాళ పొద్దున్నే ఉప్పళంలోని విశాలాక్షి ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా మళ్ళీ అడిగింది. ఆమె వెనక గడప మీద ఎనిమిదేళ్ళ తిలకవతి కూర్చుని, ఎడమ పిక్కకు కట్టిన గుడ్డ అంచును గోటితో పీకుతోంది.

"దాన్ని ముట్టుకోవద్దంటిని గదా!" అని మంగళ కూతురి చేతిమీద ఒక్కటి వేసింది. వెంటనే ఆ చేతినే పట్టుకుని పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

విశాలాక్షి పిల్ల పిక్కకున్న కట్టు వైపు చూసింది. చాలా ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా చేసి, ఎదుటివాళ్ళ అబద్ధాలు రాసి రాసి విసుగెత్తి, ఉద్యోగం మానేసి ఇంటి ముందుగదిలోనే డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట అతుకు కనబడుతుంది. ఈ కేసులో ఆమెను తికమక పెడుతున్నది అబద్ధం కాదు. అందరూ నిజమే చెబుతున్నట్టున్నారు.

జరిగింది చిన్న విషయమే. ఆదివారం పొద్దున పాలకు పోతున్న తిలకవతిని పక్కవీధి నటేశన్ కుక్క కరిచింది. నటేశన్ ఫ్రెంచి పటాలంలో చేసి పింఛను పుచ్చుకుంటున్నవాడు. అలాంటివాళ్ళను ఊళ్ళో సొల్దా అంటారు గనుక ఆయన కుక్కకు కూడా అదే పేరు పెట్టుకున్నాడు. సోమవారం నుంచి సొల్దా కనబడలేదు. కుక్క కళ్ళముందు ఉంటే పదిరోజులు కనిపెట్టి చూసి పిచ్చిదో కాదో తేల్చవచ్చు. అది లేదు. దాని మెడలో ఉండిన ఇత్తడి బిళ్ళ సంగతి ఒక్కటే మిగిలింది. మార్చిలో ఉప్పళంలో శిబిరం పెట్టినప్పుడు నటేశన్ ఊళ్ళో లేడు గనుక, వర్తక సంఘం వాళ్ళు ఏప్రిల్‌లో ఇందిరా నగర్‌లో పెట్టిన ఉచిత టీకాల శిబిరంలో ఆ బిళ్ళ కట్టారు. అంటే సొల్దాకు టీకా పడింది.

కానీ అదే శిబిరంలో అదే బిళ్ళ కట్టించుకున్న ఇంకో కుక్క పోయినవారం ఇందిరా నగర్‌లో చొంగ కారుస్తూ, గోడలు కొరుకుతూ చచ్చిపోయింది. దాని తలను పరీక్షకు మద్రాసు పంపారు. రేబీసే అని కబురొచ్చింది.

"ఆసుపత్రి డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది విశాలాక్షి.

"దేవరాజన్ డాక్టరా? టీకా నిజంగా పడిన కుక్కయితే కాస్త ఆగి చూద్దాం అన్నాడు. పడలేదంటే ఆగకూడదన్నాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు." మంగళ గొంతు తగ్గించింది. "నా తమ్ముడు విజయరంగన్‌ను చూసినావు గదక్కా. బాహూరులో మంచం మీద ఉండాడు. కుక్క కరిచి వాడికేమీ కాలేదు. ఆ సూదులు వేసినాక నడుము కింద చచ్చుబడిపోయింది. ఎన్నో వేలమందిలో ఒకరికి అట్ల అవుతుందంట. ఆ ఒకడు మా ఇంట్లోనే ఉండాడు."

తిలకవతి తలెత్తి, "మామకు సూది వేస్తే కాళ్ళు పోయినాయి. నాక్కూడా పోతాయా?" అంది. ఆ అడగడంలో భయం లేదు. రేపు బడి ఉందా అన్నట్టు అడిగింది.

"నోర్ముయ్!" అంది మంగళ. తరవాత విశాలాక్షి వైపు తిరిగి, "వేసింది మందే అయితే బిడ్డ కడుపులో సూదులెందుకు గుచ్చించాల? నీళ్ళే అయితే నేనిట్ల ఎందుకు కూర్చోనుండాను? సాయంత్రం దాకా ఆగుతానన్నాడు డాక్టరు" అంది.

"సాయంత్రం లోపల నేను చెప్తాను. నువ్వు పిల్లను తీసుకుని ఆసుపత్రిలోనే ఉండు. ఫోను చేస్తే దొరకాల."

"చెప్పలేకపోతే?"

"చెప్పలేకపోతే వేయించెయ్యి. మీ తమ్ముడు మంచం మీదనైనా ఉండాడు గదా, మంగళా."

మంగళ ముఖం మాడ్చుకుని పిల్లను లేపింది. ఆ మాట కటువుగా అన్నానని విశాలాక్షికి తెలుసు. మెత్తగా అనడానికి ఏమీ దొరకలేదు.

*

పశువుల డాక్టరు త్యాగరాజన్ తన క్లినిక్‌లో తన కుర్చీలో లేడు. దాంట్లో సఫారీ సూటు వేసుకున్న వెంకటేశన్ కూర్చున్నాడు. బల్లమీద టేపురికార్డరు తిరుగుతోంది. త్యాగరాజన్ కుక్కలను పడుకోబెట్టే జింకురేకు బల్లకు ఆనుకుని నిలబడ్డాడు.

"తేదీ పన్నెండు, మే, ఎనభై రెండు, బుధవారం," అని వెంకటేశన్ టేపులోకి చెప్పి, తలుపు వైపు చూశాడు. "రండి మేడం. ఈ డాక్టరు చేసిన పని ఒప్పుకునేలోపల మీరే వచ్చేశారు."

వెంకటేశన్ మద్రాసు డిటెక్టివ్. టీకా మందు తయారుచేసిన కంపెనీ తన పేరు కాపాడుకోవడానికి అతన్ని పంపింది. కారిచ్చింది, హోటలుగది ఇచ్చింది.

"ఒప్పుకోవడానికి నేనేం చేశాను సార్?" అన్నాడు త్యాగరాజన్. మూడురోజుల గడ్డం మాసి ఉంది. "శిబిరంలో ప్రతి కుక్కకూ నా చేత్తోనే వేశాను. ఆ పెట్టెలోంచే తీసి వేశాను."

"చూడండి, చాలా సింపుల్. మిగిలిన సీసాల్లో ఒకటి మా కంపెనీ ల్యాబుకు పోయింది. సీలు మాదే, మందు మాదే అని చెప్పారు. మంచి మందు వేస్తే కుక్క ఎందుకు చస్తుంది? చచ్చిందంటే దానికి పడింది మందు కాదు. నిజమైన సీసాలు బయట అమ్ముకుని, కుక్కలకు నీళ్ళు ఎక్కించారు."

"ఆ ల్యాబు మందు ఉందని చెప్పిందా, దాని బలం కూడా చెప్పిందా?" అంది విశాలాక్షి.

"బలం ఎలుకల మీద చూడాలి. నెల పడుతుంది. మీ పాపకు అంత టైముందా?"

 అతను అన్నది నిజం. నీళ్ళే అనుకున్నా తేలేది లేదు. డాక్టరు కొన్నిటికి నీళ్ళు వేసి కొన్నిటికి మందు వేసి ఉంటే, సొల్దాకు ఏది పడిందో ఆయన తప్ప ఎవరు చెప్పగలరు? ఆయన మందే వేశానంటున్నాడు. ఆయన మాట నమ్మితే చచ్చిన కుక్క అడ్డొస్తోంది. నమ్మకపోతే సీలు చెదరని సీసాలు అడ్డొస్తున్నాయి.

అంతలో గుమ్మంలోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. అతని చేతిసంచిలోంచి కుక్కపిల్ల తల బయట పెట్టి చూస్తోంది. "డాక్టర్, డిస్టెంపర్ సూదికి ఇవాళ రమ్మన్నారు..." అని, కుర్చీలో ఉన్నవాణ్ణీ తిరుగుతున్న టేపునూ చూసి ఆగిపోయాడు. "ఇది... మందే గదా?"

త్యాగరాజన్ నోరు తెరిచేలోపల అతనే, "పోనీలే, రేపొస్తాను" అని వెళ్ళిపోయాడు.

"రేపు రాడు," అన్నాడు త్యాగరాజన్. "ఈ వారమంతా ఇంతే. రెండున్నర నెలల పిల్ల అది, సరిగ్గా వెయ్యాల్సిన వయసు. తల్లిపాల బలం తగ్గిపోయింది, సొంత బలం ఇంకా రాలేదు. రేపు దానికి జబ్బొస్తే అది కూడా నేనే చంపినట్టు."

విశాలాక్షి అతనికి దగ్గరగా వెళ్ళింది. "పెట్టెలు ఎన్ని వచ్చినాయి డాక్టర్?"

"రెండు. ఒకేరోజు, ఒకే ఐసుడబ్బాలో మద్రాసు నుంచి. రెండిటి మీదా ఒకే బ్యాచి నంబరు. ఒకటి ఇక్కడ నా ఫ్రిజ్‌లో పెట్టి, మార్చిలో ఉప్పళం శిబిరంలో వాడాను. ఆ కుక్కల్లో దేనికీ ఏమీ కాలేదు. రెండోది ఇందిరా నగర్ కోసం. ఆ శిబిరం మూడువారాలు వాయిదా పడింది. నా ఫ్రిజ్ ఎంతుందో చూస్తున్నారు గదా. అందుకని సంఘం ప్రెసిడెంటు రంగనాథం సెట్టిగారింట్లో పెట్టాం."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"నేనే. తెచ్చిందీ నేనే, శిబిరానికి ముందురోజు సాయంత్రం. పెట్టె చల్లగా ఉంది. మూతకు అంటించిన కాగితం కూడా చిరగలేదు."

"దారిలో ఎక్కడా ఆగలేదా?"

"లేదు. రెండుసార్లూ ఐసుడబ్బాలోనే."

"ఆ అట్టపెట్టె ఉందా?"

త్యాగరాజన్ బీరువా తీశాడు. వెంకటేశన్ తానే లేచి పెట్టెను అందుకుని బల్లమీద పెట్టాడు. ఇది చూపించాలని అతనికే తొందరగా ఉన్నట్టుంది.

"ఇదిగో మేడం, ఈ నొక్కులు చూడండి. ఇనుప పనిముట్టుతో పెకలించారు. ఈ పసుపుపచ్చ మరకలు అయోడిన్. అయోడిన్ ఎవరి చేతికుంటుంది? డాక్టరు చేతికి. ఇంకేం కావాలి?"

విశాలాక్షి కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. నొక్కులు నిజమే. అయితే అవి మూత దగ్గర లేవు. పెట్టెకు రెండు పక్కలా, సరిగ్గా నడిమిన, ఒకదానికెదురుగా ఒకటి ఉన్నాయి. ఒక్కసారి పడినవీ కావు. అదే చోట పడి పడి అట్ట మెత్తబడిపోయింది. మరకలు చుక్కలు చుక్కలుగా పైమూత మీదే ఉన్నాయి. మిగిలిన సీసాల్లో ఒకదాన్ని తీసి వెలుతురులో తిప్పింది. సీలు బాగుంది. చుట్టూ అంటించిన కాగితం మాత్రం ముడతలు పడి, అంచులు పైకి లేచి, అక్షరాలు అలికిపోయి ఉంది. ఉప్పళం పెట్టెలో మిగిలిన సీసాను తెమ్మని దాని పక్కన పెట్టింది. దాని కాగితం కొత్త నోటులా సాపుగా ఉంది.

"రెండూ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. మరి ఇది ఇన్నిసార్లు తడిసి ఎందుకు ఎండింది?" అంది.

"ఫ్రిజ్‌లో చెమ్మ ఉంటుంది," అన్నాడు వెంకటేశన్.

"ఎండ ఉండదే."

ఆమె చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి పోయి, సబ్బు రాసుకున్న వేలు తడితోనే తెచ్చి ఒక పసుపు చుక్క మీద రుద్దింది. చుక్క ఇటికరంగుకు తిరిగింది.

"అయోడిన్‌కు సబ్బు తగిలితే ఎర్రబడదు వెంకటేశన్. చీరమీద సాంబారు పడితే సబ్బు రాసి చూడు. ఇది పసుపు."

"వంటింటి సాక్ష్యం!" వెంకటేశన్ నవ్వాడు. "మద్రాసులో మేము మైక్రోస్కోపు వాడతాం."

"ఇక్కడ సబ్బుతో సరిపోయింది."

"సరే, పసుపే అనుకుందాం. మీవాళ్ళు కొత్త సైకిలుకు కూడా పసుపు పూస్తారు. ప్రారంభోత్సవానికి పూజ చేసుంటారు. అంతేనా డాక్టర్?"

"పూజ ఉప్పళం పెట్టెకు చేశారు," అన్నాడు త్యాగరాజన్ అయోమయంగా. "అది కూడా కుంకుమతో. దీనికి ఎవరూ చెయ్యలేదు."

విశాలాక్షి రెండు పెట్టెలనూ మార్చి మార్చి చూసింది. పూజ జరిగిన పెట్టె మీద పసుపు లేదు, జరగని దాని మీద ఉంది. తెరవని పెట్టెకు ఇనుము నొక్కులున్నాయి. చలిలో ఉన్న సీసా మాటిమాటికీ ఎండింది. దేనికది నిజమే, ఒకచోట పెడితే ఏదీ ఇమడడం లేదు.

"నేను సెట్టిగారింటికి పోతా ఉండాను," అంది.

"నేను నిన్ననే పోయాను," అన్నాడు వెంకటేశన్. "ముసలావిడ, పనిమనిషి, ఇద్దరి మాటలూ టేపులో ఉన్నాయి. పెట్టె ఎవరూ తెరవలేదు, కరెంటు పోలేదు. దండగ."

"అయితే నాతో ఎందుకు లేస్తా ఉండావు?"

వెంకటేశన్ టేపురికార్డరు భుజానికి తగిలించుకున్నాడు. "మీరు దారిలో ఏ పసుపైనా పూసి సాక్ష్యం మార్చకుండా చూసుకోవాలి గదా."

*

రంగనాథం సెట్టి ఇంట్లో మగవాళ్ళు లేరు. తలుపు తీసింది పనిమనిషి పొన్నమ్మాళ్. వెంకటేశన్‌ను చూడగానే, "మళ్ళీ ఆ మిషనా? సామి సత్యంగా చెప్తా ఉండా, నేను తెరవలే," అంది.

"నిన్నెవరూ ఏమనలేదు," అంది విశాలాక్షి. "ఫ్రిజ్ యాడ?"

"వంటిల్లు పక్కన. కానీ అవ్వ మడిలో ఉండాది. ఆయన రాకూడదు. మీరు కాళ్ళు కడుక్కొని రండి."

వెంకటేశన్ ముందు హాల్లో సోఫాలో కూలబడ్డాడు. విశాలాక్షి కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది.

రంగనాథం తల్లి కన్యకాపరమేశ్వరమ్మ తడిపి ఆరేసిన పట్టుచీరలో పీటమీద కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. డెబ్బై దాటిన మనిషి. చూపు చురుగ్గా ఉంది. "ఎవరింటి దానివమ్మాయ్?" అంది. చెప్పింది విని, "మీ మామగారు నాకు తెలుసు. అట్ల దూరంగా కూర్చో. ఇంకా నేను అన్నం తినలేదు," అంది.

ఫ్రిజ్ తీసి చూడమంది. పొన్నమ్మాళ్ తీసింది. పై అరలో మూతపెట్టిన వెండిచెంబు, దాని పక్కన తులసి దళం వేసిన పాలగిన్నె, పెరుగు. మధ్య అర తుడిచి ఖాళీగా ఉంది. కింద వంకాయలు, బెండకాయలు. ఉల్లిపాయ వాసన కూడా లేదు. చల్లదనం మాత్రం మొహానికి కొట్టింది.

"కరెంటు ఎప్పుడైనా పోయిందా?"

"పోయినా అరగంట," అంది పొన్నమ్మాళ్. "ఐసు కరగను కూడా కరగలే."

"మందుపెట్టె ఏ అరలో పెట్టినారు పెద్దమ్మా?"

"ఆ మధ్య దాంట్లో."

"మూడువారాలూ అక్కడే ఉండిందా?"

కన్యకాపరమేశ్వరమ్మ ఒత్తి పేనడం ఆపలేదు. "ఎవరూ తెరవలేదు. ఆ మద్రాసాయనకు చెప్పినాను. నా పెరుమాళ్ళ మీద ఆన, మూత ఎవరూ తీయలేదు."

హాల్లోంచి, "టేపులో ఉంది!" అని కేక వినబడింది.

విశాలాక్షి ఫ్రిజ్ వైపే చూస్తూ కూర్చుంది. ఈవిడ అబద్ధం చెప్పడం లేదు. పెరుమాళ్ళ మీద ఆన పెట్టి అబద్ధమాడే మనిషి కాదు. అయితే తాను అడిగింది తెరిచారా అని కాదు. అక్కడే ఉందా అని. అక్కడే ఉందా అన్నదానికి తెరవలేదన్న జవాబు వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియలేదు.

"ఈ పాలు నైవేద్యానికా?" అంది మాట మార్చి.

"ఆఁ. ముందుగా కాచి చల్లబెట్టి ఉంచుతాను. పెరుమాళ్ళకు కాకుండా ఇంట్లో ఎవరికీ లేదు."

"మీ మనవడి పుట్టినరోజుకు కేకు తెచ్చుకుంటారా?"

పొన్నమ్మాళ్ కిసుక్కున నవ్వింది. "పోయిన ఏడు ఎవరో తెచ్చినారు. గుడ్డు వేసినారేమోనని అవ్వ వీధి గుమ్మంలోనే తిప్పి పంపించేసింది. పిల్లోడు రోజంతా ఏడ్చినాడు."

"ఆ పెరుమాళ్ళ పాలున్న ఫ్రిజ్‌లో గుడ్డు పెడతానా?" అంది ముసలావిడ.

విశాలాక్షి పీటను కొంచెం ముందుకు జరుపుకుంది. "మందుపెట్టెలో ఏముందో మీకు తెలుసునా పెద్దమ్మా?"

ఒత్తి తెగింది. కన్యకాపరమేశ్వరమ్మ తెగిన ముక్కను పక్కన పెట్టింది.

"డాక్టరే చెప్పినాడు," అంది మెల్లగా. "పెట్టె తెచ్చినరోజు కాఫీ ఇచ్చి, ఇది దేంతో చేస్తారు నాయనా అని నేనే అడిగినాను. పాపం, దాచకుండా చెప్పినాడు. గొర్రె మెదడంట." ఆ మాట అన్నాక నోరు కొంగుతో తుడుచుకుంది. "నా కొడుకేమో సంఘం ప్రెసిడెంటు. వద్దంటే ఊళ్ళో వాడి పరువు పోతుంది. నేను వాడితో ఏమీ అనలేదు. అనకుండా నా దారి నేను చూసుకున్నాను."

"ఏం దారి?"

"పొద్దున నీళ్ళు పోసుకొని రాగానే పట్టకారతో దాన్ని తీసేదాన్ని. చెయ్యి తగలనియ్యలేదు. పసుపునీళ్ళు చల్లి పెరట్లో బండమీద పెట్టేదాన్ని. కాకులు పొడవకుండా బుట్ట బోర్లించేదాన్ని. పెరుమాళ్ళకు నైవేద్యమైనాక, వాడు అన్నానికి వచ్చేలోపల మళ్ళీ లోపల పెట్టేసేదాన్ని. వస్తువు వాళ్ళది, జాగ్రత్తగా చూసుకోవాల గదా. ఒక్క సీసా పగలలేదు, మూత తీయలేదు."

"రోజూనా?"

"రోజూ నైవేద్యం ఉంటుంది గదా."

"బండమీద నీడ ఉంటుందా పెద్దమ్మా?"

"నీడెందుకు? ఎండలోనే పెట్టినాను. ఎండ తగిలితే ఎంత మైలైనా పోతుంది."

విశాలాక్షి లేచి పెరటి తలుపు దగ్గరికి పోయింది. బండ నల్లరాతిది. పక్కనే వెదురుబుట్ట గోడకు ఆనించి ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో బండమీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసుకుంది.

తిరిగొచ్చి ముసలావిడ ఎదురుగా నేలమీదే కూర్చుంది. మడి అని దూరం పాటించడం కూడా మరిచిపోయింది. ముసలావిడా వద్దనలేదు.

"ఆ మందు చల్లగా ఉంటేనే పనిచేస్తుంది. వేడి తగిలితే రంగు మారదు, వాసన రాదు, సీలు ఊడదు. బలం మాత్రం పోతుంది. మళ్ళీ చల్లబెట్టినా తిరిగి రాదు."

"పెరుగు పులుస్తుంది, అది తెలుసు," అంది కన్యకాపరమేశ్వరమ్మ అర్థం కానట్టు. "మందు కూడానా? నా మాత్రలు బీరువాలో ఉండాయే, ఏళ్ళ తరబడి! సీసా మూసే ఉండె గదా తల్లీ!"

"మూసే ఉండింది. లోపల చచ్చిపోయింది."

హాల్లో సోఫా కిర్రుమన్న చప్పుడు వినబడింది. వెంకటేశన్ వంటింటి గడప దాకా వచ్చి ఆగాడు. మొహంలో నవ్వు లేదు. "మేడం, అంటే మా మందు మంచిదే, డాక్టరు వేసింది అదే మందు..."

"రెండూ నిజమే. కుక్కలకు పడింది ఏమీ కాదన్నదీ నిజమే."

"ఇది... ఇది నేను రికార్డు చెయ్యలేదు."

"నువ్వు మూత తీసినారా అనే అడిగినావు నాయనా," అంది ముసలావిడ. తల దించలేదు. "పెట్టుకో నీ మిషను. మళ్ళీ చెప్తాను. డాక్టరు తప్పేమీ లేదని కూడా చెప్తాను." మళ్ళీ ఒత్తి చేతికి తీసుకుని, "నిన్న ఒక కుక్క కరిచిందన్నావు. ఎవర్ని?" అంది.

"ఎనిమిదేళ్ళ ఆడపిల్లను. ఉప్పళంలో."

కన్యకాపరమేశ్వరమ్మ చేతులు రెండూ ఒళ్ళో పడిపోయాయి.

విశాలాక్షి హాల్లోకి వచ్చి ఫోనందుకుంది. జవాబు దొరికింది. ఇక సందేహం లేదు, సొల్దా మెడలోది ఉత్త బిళ్ళ. సూదులు వెయ్యాల్సిందే, ఈ పూటే మొదలుపెట్టాల్సిందే. మంగళ ఏడుస్తుంది, ఏడవనీ. ఆదివారం నుంచి పోయింది మూడురోజులే. ఇంకా చెయ్యి దాటలేదు.

ఆసుపత్రి వాళ్ళు మంగళను పిలవడానికి చాలాసేపు పట్టింది.

"అక్కా! నేనే చేద్దామనుకుంటా ఉండాను!" మంగళ గొంతు తేలికగా ఉంది. పొద్దున విన్న గొంతు కాదది. "వేయించేసినాను అక్కా. నువ్వు చెప్పినట్టే. ఇంక కూర్చోని కూర్చోని నా వల్ల కాలేదు."

"మంచి పని చేసినావు. ఎప్పుడు?"

"ఇప్పుడే, కాసేపైంది. ఏడవను కూడా ఏడవలేదు నా బంగారం. ఆసుపత్రిలో ఆ మందు అయిపోయిందంట అక్కా, మద్రాసు నుంచి రావాల్నంట. ఇంతలో రంగనాథం సెట్టిగారే వచ్చినారు, దేవుడు పంపినట్టు. మా శిబిరం కుక్క కరిచింది గనక బిడ్డ భారం నాదే అని, పద్నాలుగు సూదులూ తన డబ్బుతో మద్రాసు నుంచి తెప్పించినారంట. నిన్న రాత్రే వచ్చిందంట ఆ పెట్టె."

విశాలాక్షి రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. "రాత్రి ఆ పెట్టె యాడ పెట్టినారంట?"

"ఏమో, వాళ్ళింట్లోనే గదా. ఇప్పుడు డాక్టరుకే ఇచ్చేసినారు. రోజుకొకటి దాంట్లోంచే వేస్తారు."

విశాలాక్షి వెనక్కి తిరిగింది. కన్యకాపరమేశ్వరమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి వచ్చి ఉంది. మడిచీరతో హాల్లోకి, పరాయి మగవాడున్న చోటికి వచ్చి నిలబడింది.

"నిన్న రాత్రి వాడు ఇంకో పెట్టె తెచ్చినాడు," అంది. "మనుషులకు వేసేదంట. అది కూడా గొర్రెదేనా?"

"అవును పెద్దమ్మా."

"నేనట్లనే అనుకున్నాను." ఆమె చూపు పెరటి తలుపు వైపు పోయింది. "పొద్దున ఎప్పటి మాదిరే తీసి ఎండలో బండమీద పెట్టేసినాను. ఇవాళ పూజ ఆలస్యమైంది తల్లీ. లోపల పెట్టిన అరగంటకే వాడొచ్చి తీసుకొని పోయినాడు."

వెంకటేశన్ సోఫా చేతిమీద కూర్చుండిపోయాడు. 

"అక్కా, వినబడతా ఉందా?" అంటోంది మంగళ. "ఇంక భయం లేదు గదా?"

విశాలాక్షి రిసీవరును చెయ్యి మార్చుకుంది. "మంగళా, డాక్టరును లైనులోకి పిలువు. పరిగెత్తు. తిలకవతికి ఇవాళ పడిన సూది పడనట్టే."

 మంగళ శ్వాస వినబడుతోంది. దాని వెనకాల ఎక్కడో, వార్డులో, ఒక ఆడపిల్ల దేనికో పకపకా నవ్వుతోంది.